ముప్పై వయల్స్, తొమ్మిది మంది రోగులు: బ్లాక్ ఫంగస్ మందు పంపకంపై ఒక కేసు

బెంగళూరులోని ఒక ప్రైవేటు బోధనాసుపత్రిలో నైతిక అంశాలను పరిశీలించే ఎథిక్స్ కమిటీకి సభ్య కార్యదర్శిగా పనిచేస్తున్నాను. నేను చదివింది ఫార్మకాలజీ. 2021 మే, జూన్ నెలల్లో మా ముందుకు వచ్చిన ఒక కేసును ఇక్కడ రాస్తున్నాను. రోగి వయసు, వృత్తి, కుటుంబ వివరాలు కొంత మార్చాను. వార్డులోని రోగుల సంఖ్యనూ మందు పరిమాణాన్నీ కూడా కాస్త సర్దాను. తీసుకున్న నిర్ణయాలు, వాటి వెనక నడిచిన వాదనలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి. ఇది రాయడానికి రోగీ ఆయన భార్యా ఒప్పుకున్నారు.

నేపథ్యం

కరోనా రెండో దశ ఉద్ధృతి ఇంకా తగ్గకముందే ఈఎన్‌టీ వార్డుకు మరో రకం రోగులు రావడం మొదలైంది. ముఖం ఒకవైపు వాపు, పైపళ్లలో నొప్పి, కనురెప్ప వాలిపోవడం, ముక్కులో నల్లటి పెచ్చు. మ్యూకర్‌మైకోసిస్, అంటే పత్రికలు బ్లాక్ ఫంగస్ అని రాసిన జబ్బు. ఈ బూజు మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఎప్పుడూ ఉండేదే. ఆరోగ్యవంతులను సాధారణంగా ఏమీ చేయదు. షుగర్ అదుపు తప్పినవారిలో, అందునా స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారిలో రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. ముక్కు నుంచి సైనస్‌లకు, అక్కడి నుంచి కంటికి, చివరకు మెదడుకు పాకుతుంది.

చికిత్సలో మూడు పనులు ఒకేసారి జరగాలి. షుగర్‌ను అదుపులోకి తేవాలి, చచ్చిన కండను ఆపరేషన్ చేసి తీసేయాలి, బూజును చంపే మందు ఇవ్వాలి. ఆ మందుల్లో మొదటి ఎంపిక లైపోసోమల్ యాంఫోటెరిసిన్-బి (కొవ్వు పొరలో చుట్టి ఇచ్చే రకం). కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున వారాల తరబడి ఎక్కించాలి. ఒక వయల్‌లో (చిన్న మందు సీసాలో) ఉండేది 50 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి రోజుకు ఆరు వయల్స్ కావాలన్నమాట. మెదడుకు పాకితే మోతాదు ఇంకా పెరుగుతుంది, కిలోకు 10 మిల్లీగ్రాముల వరకు. ఇదే మందులో పాతరకం ఒకటి ఉంది, మామూలు యాంఫోటెరిసిన్. చవకగా దొరుకుతుంది, బూజునూ చంపుతుంది. కాకపోతే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, పొటాషియం పడిపోతుంది. రోజూ రక్తపరీక్ష లేకుండా దాన్ని వాడటం ప్రమాదం.

కరోనాకు ముందు ఈ జబ్బు అరుదు కాబట్టి లైపోసోమల్ రకం తయారీ కూడా తక్కువే. మే నెలలో గిరాకీ ఒక్కసారిగా పెరిగేసరికి అది బజారులో మాయమైంది. కేంద్రం రాష్ట్రాలకు, రాష్ట్రాలు ఆసుపత్రులకు కేటాయించడం మొదలైంది. మే 20న కేంద్రం ఈ జబ్బును అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా నమోదు చేయాల్సిన వ్యాధిగా ప్రకటించమని రాష్ట్రాలను కోరింది. ఆ చట్టం 1897 నాటిది, ప్లేగు కోసం పుట్టింది. మరుసటి ఏడాదే ప్లేగు బెంగళూరుకూ వచ్చింది. మల్లేశ్వరం, బసవనగుడి పేటలు ఊరి ఇరుకు తగ్గించడానికి ఆ రోజుల్లో వేసినవే. ప్లేగు మారమ్మ గుళ్లు ఇప్పటికీ ఇక్కడ ఉన్నాయి. రోగిని లెక్కపెట్టడానికి, వేరుచేయడానికి ఆ చట్టం అధికారం ఇస్తుంది. చాలని మందును ఎలా పంచాలో అందులో ఒక్క ముక్క లేదు.

రోగి

అనంతపురం జిల్లా నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మేస్త్రీ. నలభై దాటిన మనిషి. ఏప్రిల్ చివర లాక్‌డౌన్ పెట్టగానే పనులు ఆగిపోయి సొంతూరు వెళ్లారు. అక్కడ జ్వరం వచ్చింది. ఊళ్లోని ఆర్‌ఎంపీ షుగర్ పరీక్ష చేయకుండానే రెండు వారాలకు సరిపడా స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. తనకు షుగర్ ఉన్న సంగతి మేస్త్రీకి అప్పటిదాకా తెలియదు. కరోనా తగ్గింది, బుగ్గ వాచింది. పంటినొప్పి అనుకుని కొన్ని రోజులు గడిపి, తర్వాత భార్య, తమ్ముడు ఆయన్ను తీసుకుని బెంగళూరు వచ్చి రెండు మూడు ఆసుపత్రులు తిరిగి మా దగ్గర చేరారు.

ముక్కులోంచి తీసిన నమూనాలో బూజు కనిపించింది. ఎంఆర్‌ఐలో సైనస్‌లు నిండి ఉన్నాయి, కంటి గూటి అంచుకు తాకింది, మెదడు శుభ్రంగా ఉంది. మరునాడే ఆపరేషన్ జరిగింది. మూత్రపిండాల పనితీరు మామూలుగా ఉంది. ఇక మందు మొదలుపెట్టాలి. ఆ రోజు వార్డులో ఇలాంటి రోగులు తొమ్మిది మంది. రోజుకు యాభైకి పైగా వయల్స్ అవసరం. ఫార్మసీకి చేరింది ముప్పై. మళ్లీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు.

కమిటీ దాకా ఎందుకు వచ్చింది

నిజానికి ఇది మా కమిటీ పని కాదు. దేశంలోని ఎథిక్స్ కమిటీలు చాలావరకు పరిశోధన కోసం పుట్టినవి. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు మా కూర్పును, కోరాన్ని, రిజిస్ట్రేషన్‌ను నిర్దేశిస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో విపత్తుల వేళ పరిశోధనపై ఒక అధ్యాయం ఉంది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ కాలపు సమీక్షల కోసం ప్రత్యేకంగా ఇంకో పత్రం వచ్చింది. అవన్నీ మా బీరువాలో ఉన్నాయి, చదివాం, వాటి ప్రకారమే ఆన్‌లైన్‌లో సమావేశాలు పెట్టుకున్నాం. ఏ ప్రశ్నకైనా వాటిలో జవాబు దొరికేది, ఆ ప్రశ్న ట్రయల్ గురించి అయినంతవరకు. వార్డులో ఉన్న మందు ఎవరికి ఎక్కించాలన్నది చికిత్స ప్రశ్న. దానికి ఆసుపత్రిలో కమిటీ లేదు, నియమం లేదు, అలవాటు కూడా లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో అంటువ్యాధుల వేళ నైతిక సమస్యలపై ఇచ్చిన మార్గదర్శకంలో కొరత పంపకం గురించి ఉంది. ఎక్కువ ప్రాణాలు నిలవడం, అందరినీ సమానంగా చూడడం వంటి సూత్రాల మధ్య తూకం ఎలా వేయాలో, ఆ పని పారదర్శకంగా ఎందుకు జరగాలో చెబుతుంది. మంచి పత్రమే. అయితే రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ డాక్టర్‌కు కావలసింది సూత్రం కాదు, ముప్పై వయల్స్ ఎవరికన్న జవాబు. ఈ రెంటి నడుమ ఎవరో ఒకరు కూర్చుని పని చేయాలి. ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరన్నది ముందే తేల్చుకోకపోతే ఏమవుతుందో ఆ వారం చూశాం.

ముందు చేసి చూసినవి

మొదట తట్టిన దారి సమానంగా పంచడం. మనిషికి మూడు వయల్స్ పైచిలుకు. వినడానికి న్యాయంగా ఉంటుంది, ఎవరికీ చెడ్డపేరు రాదు. అయితే అరవై కిలోల మనిషికి అది సగం మోతాదు, అదీ ఒక్కరోజుకే. సగం మోతాదుతో బూజు సగం చావదు. మా కమిటీలో వైద్యరంగానికి చెందని సామాన్య సభ్యుడు రిటైరైన బడిపంతులు, రైతు కుటుంబం నుంచి వచ్చినవారు. ‘ఒక మడికి చాలే నీళ్లు తొమ్మిది మళ్లకు వదిలితే ఏ మడీ తడవదు కదండీ’ అన్నారు. తొమ్మిది మంది వైద్యులు గంటసేపు తిరిగిన చోటికి ఆయన ఒక్క వాక్యంలో వచ్చారు. అయినా ఒకరోజు అలాగే పంచారు, కాదనే అధికారం ఎవరికీ లేక.

తర్వాత ముందు వచ్చినవారికి ముందు అన్నారు. క్యూ అంటే మనకు ఒక గౌరవం ఉంది, పక్షపాతం లేదనిపిస్తుంది. ముందు వచ్చింది ఎవరో చూస్తే ఆ గౌరవం నిలవదు. పక్క వీధిలో ఉన్నవారు, కారు ఉన్నవారు, ఫోన్ చేసి మంచం సంపాదించుకోగలిగినవారు ముందు వచ్చారు. మేస్త్రీ కుటుంబం అంబులెన్స్ కిరాయి వెతుక్కునేలోపు రెండు రోజులు పోయాయి. జబ్బు తీవ్రతకూ వచ్చిన సమయానికీ సంబంధం లేదు. పైగా ఒకసారి మొదలైతే వారాలు నడిచే మందు ఇది. మొదటి ఐదుగురికి కేటాయిస్తే ఆరో మనిషికి నెలరోజుల దాకా వంతు రాదు.

మూడోది, యూనిట్ చీఫ్‌కు వదిలేయడం. ఆయన నిష్పక్షపాతి, అందులో సందేహం లేదు. ఆయన ఫోను మాత్రం మోగుతూనే ఉంది. పాత పరిచయాలు, సిఫారసులు, ఎక్కడెక్కడి నుంచో పెద్దల మాటలు. ఆ ఒత్తిడికి లొంగలేదు, కానీ తన రోగుల ముఖం చూస్తూ ఒకరికి అవునని, ఒకరికి కాదని చెప్పాల్సి వచ్చింది. వైద్యుడి ధర్మం తన ముందున్న రోగి పక్షాన నిలబడటం. న్యాయవాదినే తీర్పు చెప్పమంటే వాదన పాడవుతుంది, తీర్పూ పాడవుతుంది. మూడోరోజు ఆయనే నాకు ఫోన్ చేసి, ఈ పని ఇంకెవరికైనా అప్పగించమని అడిగారు. అధికారికంగా కమిటీకి వచ్చిన మొదటి విన్నపం అదే.

ఈ గందరగోళం నడుమ ఎవరూ నిర్ణయించకుండానే ఇంకో పద్ధతి అమలైంది. జూనియర్ డాక్టర్లు మందు పేరు చీటీ మీద రాసి ‘బయట దొరికితే తెచ్చుకోండి’ అని బంధువుల చేతిలో పెట్టడం. అంతకు నెల ముందు చెన్నైలో కీల్‌పాక్ మెడికల్ కాలేజీ వద్ద కరోనా మందు రెమ్‌డెసివిర్ కోసం జనం ఎండలో బారులు తీరిన దృశ్యం గుర్తుండే ఉంటుంది. చనిపోయే వారి సంఖ్యను ఆ మందు తగ్గించినట్టు అప్పటికి పెద్ద ట్రయల్‌లో తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే దాన్ని వాడవద్దని సూచించింది. అయినా డాక్టరు రాశారు కాబట్టి కుటుంబాలు పరుగెత్తాయి. మే నెలలో తమిళనాడు ప్రభుత్వం ఆ కౌంటర్లు ఆపి నేరుగా ఆసుపత్రులకే ఇవ్వడం మొదలుపెట్టింది. చీటీ రాయడం చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. కొరత బాధ్యతను ఆసుపత్రి నుంచి పెళ్లాం బిడ్డల నెత్తికి మార్చే పని అది. తెచ్చుకోలేకపోయిన కుటుంబం జీవితాంతం తమనే నిందించుకుంటుంది.

ప్రశ్నను మార్చడం

ముగ్గురితో ఒక ప్యానెల్ వేశాం. ఈ రోగుల్లో ఎవరికీ చికిత్స చేయని ఒక నెఫ్రాలజిస్టు (మూత్రపిండాల వైద్యుడు), ఫార్మసీ అధిపతి, బడిపంతులు గారు. నేను రాసుకునే పనికి. ప్యానెల్ ముందుకు వచ్చే కాగితంలో పేరు ఉండదు. ఊరు, మతం, ఉద్యోగం, బిల్లు ఎవరు కడుతున్నారన్నదీ ఉండవు. జబ్బు ఎక్కడిదాకా పాకింది, ఆపరేషన్ అయిందా, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత, బరువు ఎంత, ఇప్పటిదాకా ఏ మందు వాడారు. అంతే.

ఈ కాగితాలు ముందు పెట్టుకుని మొదటి సాయంత్రం ‘ఎవరికి ఎక్కువ అవసరం’ అని మొదలుపెట్టాం. గంట గడిచినా తేలలేదు. మెదడుకు పాకినవారికే ఎక్కువ అవసరమని ఒకరు, వారికి ఇచ్చినా దక్కే అవకాశం తక్కువని ఇంకొకరు. రెండూ నిజమే. అప్పుడు నెఫ్రాలజిస్టు వేసిన ప్రశ్నే మాకు దారి చూపింది: ఈ మందు ఇవ్వకపోతే బదులు ఇవ్వగలిగినది ఎవరి విషయంలో పనిచేయదు?

అలా అడిగేసరికి లెక్క మారిపోయింది. ఆపరేషన్ పూర్తయి, మూత్రపిండాలు బాగున్న రోగికి మామూలు యాంఫోటెరిసిన్ ఇవ్వవచ్చు. ముందుగా సెలైన్ ఎక్కించి, రోజూ క్రియాటినిన్, పొటాషియం చూసుకుంటే చాలామంది తట్టుకుంటారు. మూత్రపిండాలు ముందే దెబ్బతిన్నవారికి ఆ దారి మూసుకుపోయింది; వారికి లైపోసోమల్ తప్ప గతి లేదు. కాబట్టి మొదటి వరస వారిది. రెండో వరసవారికి పాతమందుతో మొదలు, అయితే క్రియాటినిన్ మొదటి రోజుకు రెట్టింపు అయితే ఆ పూటే మొదటి వరసలోకి మారుస్తామన్న రాతపూర్వక హామీతో. ఆ హామీ లేకపోతే ఈ వరసలు పంపకం కాకుండా పక్కకు నెట్టడం అయ్యేవి. అందుకే వచ్చిన ప్రతి విడతలోనూ కొన్ని వయల్స్ తీసి, ఇలా మారేవారి కోసం దాచాం. కళ్లముందు రోగులుండగా మందు దాచడమా అని సిస్టర్లు కోప్పడ్డారు. వారి కోపం అర్థమైంది, నియమం మార్చలేదు.

మెదడుకు పాకినవారి సంగతి ఇంత తేలిగ్గా తెగలేదు. అలాంటి ఒక్కరికి పూర్తి మోతాదు ఇస్తే రోజుకు పన్నెండు వయల్స్, అంటే ఇంకో ఇద్దరి వంతు. శస్త్రచికిత్సతో శుభ్రం చేయగలమని న్యూరోసర్జన్ అంటే మొదటి వరస, లేదంటే ఉన్న ఇతర మందులు, నొప్పి తగ్గించే వైద్యం అని రాసుకున్నాం. బడిపంతులు గారు దీనికి ఒప్పుకోలేదు. బతికే అవకాశం తక్కువన్న మాట వాడి మనం మనిషిని ముందే వదిలేస్తున్నామని ఆయన అభ్యంతరం. ఆయన అసమ్మతిని ఆయన మాటల్లోనే నియమం కింద రాశాం.

వయసు గురించీ చర్చ వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లో, జూన్ 1న, ఢిల్లీ హైకోర్టు ఈ మందు పంపకానికి విధానం రూపొందించమని కేంద్రాన్ని అడుగుతూ, ఎంచుకోక తప్పనప్పుడు యువతరానికి ప్రాధాన్యం ఇవ్వాలని అభిప్రాయపడింది. మా దగ్గర కొందరు అదే రాసుకుందామన్నారు. వృద్ధులు జీవితం చూసేశారన్న వాదనలో బలం లేకపోలేదు. అయినా మా తొమ్మిది మందిలో ఎక్కువమంది నలభై, అరవై మధ్యవారు; నలభై ఎనిమిదికీ యాభై రెండుకీ మధ్య గీత గీస్తే దాన్ని ఏ కుటుంబానికీ వివరించలేం. వయసు వల్ల చికిత్స ఫలితం మారేచోట ఎలాగూ వైద్యులు దాన్ని చూస్తారు. విడిగా దానికి మార్కులు వద్దనుకున్నాం.

ఇద్దరు అన్నింటా సమానంగా తేలి మందు ఒకరికే ఉంటే? చీటీలు వేయాలని రాశాం. ప్రాణాల మీద చీటీలేమిటని యూనిట్ వైద్యులు మండిపడ్డారు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక ఆసుపత్రుల వ్యవస్థ 2020లో రెమ్‌డెసివిర్‌ను లాటరీ పద్ధతిలో పంచింది. పేద ప్రాంతాల వారికి, అత్యవసర పనులు చేసేవారికి ఆ లాటరీలో కాస్త ఎక్కువ అవకాశం కూడా ఇచ్చింది. అది చెప్పినా మావాళ్లకు రుచించలేదు. నా వాదన ఒక్కటే: చీటీకి ఫోన్ చేసి సిఫారసు చేయడం ఎవరివల్లా కాదు. ఆ నెలన్నరలో చీటీ అవసరం ఒకే ఒక్కసారి పడింది. రెండు కుటుంబాలకూ ముందే చెప్పి, వారి ముందే తీశాం. ఓడిన కుటుంబం నుంచి వచ్చిన ఫిర్యాదు ఏమీ లేదు. వచ్చిందల్లా సిబ్బంది నుంచే.

మరో రెండు తగవులు త్వరగానే తెగాయి. మా స్టాఫ్ నర్సు భర్త వార్డులో ఉన్నారు, ఆయనకు ముందు ఇవ్వాలని సిబ్బంది కోరారు. కరోనా విధుల్లో జబ్బుపడిన ఉద్యోగికి సమాజం రుణపడి ఉందన్న మాట ఒప్పుకున్నాం. ఆ రుణం బంధువులకు వర్తించదన్నాం. ఇక కర్ణాటక కేటాయించిన మందును ఆంధ్ర రోగికి ఇవ్వవచ్చా అని పాలనా విభాగం అడిగింది. మంచం మీద ఉన్నవారంతా మన రోగులే అని ఒక్క వాక్యం రాసి ముగించాం.

మేస్త్రీ విషయంలో జరిగింది

ఈ నియమం ప్రకారం ఆయన రెండో వరస. పాతమందు మొదలైంది. పక్క మంచంలోని రోగికి మూత్రపిండాల జబ్బు ఉంది కాబట్టి లైపోసోమల్ ఎక్కుతోంది. రెండు సీసాల రంగులు వేరు, బంధువులు గమనించరా? ఆ సాయంత్రమే తమ్ముడు డ్యూటీ డాక్టర్‌తో గొడవపడ్డారు. డాక్టరుకు తెలుగు రాదు, ఆయనకు వైద్యపు కన్నడం అర్థం కాదు. నన్ను పిలిచారు.

‘మేము ఆంధ్రా నుంచి వచ్చామనా సార్, డబ్బు తక్కువ కట్టామనా? మా అన్నకు పాతమందు ఎందుకు?’ అన్నారు. రెండు అనుమానాలూ సహేతుకమైనవే. మన ఆసుపత్రుల్లో ఆ రెండు కారణాలూ పనిచేస్తాయని అనుభవం మీద తెలిసిన మనిషి. నేను ఆయన్ను, వదినగారిని కూర్చోబెట్టి నియమం మొత్తం చెప్పాను. ‘మీ అన్నకు కిడ్నీలు బాగున్నాయి, అందుకే ఇది ఇవ్వగలుగుతున్నాం. పక్కాయనకు ఇది ఇస్తే కిడ్నీలు పోతాయి. మీ అన్నకూ ఆ గీత దాటితే అదే మందు ఇస్తాం, మీరు అడగక్కర్లేదు’ అన్నాను. తెలుగులో రాసిన ఒక పేజీ కాగితం ఇచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి ‘ఇది అందరికీ ఒకటేనా?’ అని అడిగారు. కన్నడంలో ఉన్నదీ ఇదేనన్నాను. నా మాట నమ్మలేదు. వరండాలోకి వెళ్లి కన్నడ కుటుంబం చేతిలోని కాగితంతో పోల్చి చదివించుకుని వచ్చారు. గొడవ అక్కడితో ఆగింది.

కాగితం రోగి భాషలో ఉండాలన్న పట్టుదల మా కమిటీకి కొత్త కాదు. 2009-10లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో వేలాది అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. తెలుగువాళ్లుగా ఆ సంగతి మేం మరవకూడదు. మేస్త్రీ ఆపరేషన్ పత్రం ఇంగ్లిష్, కన్నడాల్లోనే ఉంది. భార్య వేలిముద్ర వేశారు. కన్ను పోయే అవకాశం ఉందని అందులో రాసిన సంగతి ఆమెకు నేను చెప్పేదాకా తెలియదు.

వారం తిరక్కముందే క్రియాటినిన్ రెట్టింపు దాటింది. నియమం ప్రకారం ఆయన మొదటి వరసకు మారారు. పాతమందు ఆపేశాం. దాచిన వయల్స్ అంతకుముందు రోజే ఇంకొకరికి అయిపోయాయి, కొత్త విడత రావడానికి ఆలస్యమైంది. బూజును చంపే మరో మందు పోసకొనజోల్ మాత్రలతో నెట్టుకురావాలని వైద్యులు అనుకున్నారు. ఆ రాత్రి తమ్ముడు ఒక ప్లాస్టిక్ సంచిలో ఐస్ ముక్కల నడుమ ఎనిమిది వయల్స్ తెచ్చారు. వదినగారి గొలుసు అమ్మిన డబ్బు. బిల్లు లేదు. అమ్మినవాడి పేరు చెప్పలేదు.

ఎక్కించాలా వద్దా? అప్పటికే నకిలీ మందుల ముఠాలు పట్టుబడుతున్న వార్తలు వస్తున్నాయి. ఈ మందు చల్లదనం తప్పితే పాడవుతుంది. లోపల ఏముందో మా ఫార్మసీ తేల్చలేదు. మరోవైపు ఇవి అసలువైతే రోగికి కావలసిన మందు మా చేతిలో ఉంచుకుని ఎక్కించనివాళ్లమవుతాం. రెండు వయల్స్ మీద బ్యాచ్ నంబరు చెరిగినట్టు ఉందని ఫార్మసీ అధిపతి చూపారు. మాత్రలతో రెండు మూడు రోజులు గడిపితే కలిగే నష్టం ఎంతో నెఫ్రాలజిస్టు అంచనా కట్టగలిగారు. సీసాలో ఏముందో తెలియని ద్రవాన్ని నరంలోకి పంపితే కలిగే నష్టం ఎవరి అంచనాకూ అందదు. తెలిసిన నష్టాన్నే ఎంచుకుని వద్దన్నాం. కుటుంబం పేరు బయటపెట్టకుండా బ్యాచ్ వివరాలు మాత్రం ఔషధ నియంత్రణ అధికారులకు ఇచ్చాం.

విడత వచ్చిన పూటే ఆయనకు లైపోసోమల్ మొదలైంది. మూత్రపిండాలు మెల్లగా తేరుకున్నాయి. తర్వాత మాత్రల మీద ఇంటికి వెళ్లారు. కన్ను దక్కింది, చూపు మునుపటిలా లేదు. ఇప్పుడు చిన్న పనులకు వెళుతున్నారు. గొలుసు డబ్బు తిరిగి రాలేదు.

ఆ తర్వాత చేసినవి

ఆ ప్యానెల్‌ను శాశ్వతం చేశాం. పరిశోధన కమిటీతో కలపలేదు. వారానికో నెలకో కూర్చుని పత్రాలు చదివే వ్యవస్థకు గంటలో తేల్చే అలవాటు రాదు; తేల్చడం అలవాటైతే పత్రాలు చదివే ఓపిక పోతుంది. సభ్యుల్ని కూడా పదవిని బట్టి కాకుండా ఇలాంటి కేసులు ముందు పెట్టి వాదించిన తీరును బట్టి ఎంచుకున్నాం. గొప్ప గ్రంథజ్ఞానం ఉన్న ఒక ఆచార్యుడు మొదటి అభ్యాసంలోనే ‘ఇంకా సమాచారం కావాలి’ అని మూడుసార్లు అన్నారు. సమాచారం ఎప్పుడూ కావాలి. రాత్రి తొమ్మిదికి ఉన్నదానితోనే కాగితం మీద పెట్టగల కారణం చెప్పడం ఒక నైపుణ్యం. పుస్తకంతో రాదు, చేయగా చేయగా వస్తుంది.

ఐసీఎంఆర్ బయోఎథిక్స్ యూనిట్ మా ఊళ్లోనే ఉంది. పరిశోధన నీతిలో దేశానికి దారి చూపే కేంద్రం. అలాంటి అండ వార్డులోని పంపకాలకు కూడా దొరికితే ప్రతి ఆసుపత్రీ మొదటి నుంచి తడుముకోనక్కర్లేదు. 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో నడవడిక, నీతి, సంభాషణలపై ఏట్‌కామ్ పాఠాలు చేరాయి. వాటిలో ఎక్కువ దృష్టి ఒక వైద్యుడు, ఒక రోగి మీదే. ఒక వైద్యుడు, తొమ్మిది మంది రోగులు అన్న పాఠం మా ఇంటర్న్‌లకు మేమే ఈ కేసుతో చెబుతున్నాం.

మరుసటి ఏడాది వెంటిలేటర్ల కొరత ఊహించుకుని ఒక అభ్యాసం చేశాం. నియమం బాగానే నడిచింది, సామాన్య సభ్యుడే రాత్రి ఫోన్‌కు దొరకలేదు. ఇప్పుడు ఆ స్థానానికి ముగ్గురున్నారు, వంతుల వారీగా. వారిలో ఒకరు కట్టడం పనులు చేయించే మహిళ. ఆమెకు కన్నడం, తెలుగు, తమిళం వచ్చు. అంగీకార పత్రాలు ఇప్పుడు తెలుగు, తమిళం, హిందీల్లో కూడా ఉన్నాయి.

ఒక్క విషయం మాత్రం తేలలేదు. బిల్లుతో, సరైన చల్లదనంలో, అసలైన మందును కుటుంబమే తెస్తే ఏం చేయాలి? ఆ రోగికే వాడి అతని వంతు వయల్స్‌ను మిగతావారికి వదలాలని నెఫ్రాలజిస్టు అంటారు. అందరికీ లాభమే కదా అని ఆయన లెక్క. అలా రాస్తే ప్రతి కుటుంబమూ గొలుసు అమ్మాల్సిందేనని చెప్పినట్టవుతుందని బడిపంతులు గారి వాదన. నియమాల కాగితంలో ఆ గడి ఖాళీగానే ఉంది, వచ్చే సమావేశం ఎజెండాలో మొదటి అంశంగా పెట్టాను.